మిగిలే నీటికి తగిన చేప
పంటకుంటలలో జాతి ఎంపిక, పిల్లల సంఖ్యపై పునరాలోచన

వర్షాధార వ్యవసాయంలో పంటకుంట రైతుకు ఒక భరోసా. ఆగస్టు చివరిలో బెట్ట ఏర్పడినప్పుడు వేరుశనగకు గానీ, మొక్కజొన్నకు గానీ, కందికి గానీ ఒక్క తడి అందితే పంట నిలబడుతుంది. ఆ తడి కొరకే ఉపాధి హామీ పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో పంట సంజీవని పేరిట, వేలాది కుంటలు తవ్వడం జరిగింది. కుంటలో నీరు నిలిచిన వెంటనే రైతుకు కలిగే రెండవ ఆలోచన చేపలు. విస్తరణ సిబ్బంది కూడా ఆ ఆలోచనను ప్రోత్సహిస్తున్నారు. అది సమంజసమే. ఒకే నీటి నుండి గింజ, మాంసకృత్తులు రెండూ లభించడం చిన్న విషయం కాదు.

అయితే ఏ చేప, ఎన్ని పిల్లలు, ఎన్ని నెలలు అనే మూడు ప్రశ్నలకు క్షేత్రస్థాయిలో వినిపించే సమాధానం సాధారణంగా ఒక్కటే: హెక్టారుకు ఇన్ని వేల పిల్లలు, బొచ్చె ఇంత శాతం, శీలావతి ఇంత శాతం, మోసు ఇంత శాతం. ఈ సిఫారసు ఏడాది పొడవునా 1.5 నుండి 2 మీటర్ల నీరు నిలిచే చేపల చెరువుల కొరకు రూపొందినది. దానిని పంట కొరకు ఖాళీ అయ్యే కుంటకు యథాతథంగా వర్తింపజేయడం వలన రైతు పిల్లల ఖర్చు నష్టపోతున్నాడు, లేదా చేపలను కాపాడుకొనే తాపత్రయంలో పంటకు ఇవ్వవలసిన తడిని ఆపుకొంటున్నాడు. రెండవది మొదటిదాని కన్న పెద్ద నష్టం. కావున పంటకుంటలో చేపల సంఖ్యను నిండు నీటిని చూసి కాక, పంట తడుల తరువాత మిగిలే నీటిని చూసి నిర్ణయించడం శాస్త్రీయం.

గాజుతొట్టి నేర్పే పాఠం

ఈ విషయాన్ని సులభంగా గ్రహించడానికి ఇళ్లలో అలంకారానికి ఉంచే గాజుతొట్టి చక్కని ఉదాహరణ. రెండు అడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తు గల తొట్టిని అంచు వరకు నింపినా 57 లీటర్లకు మించి నీరు పట్టదు. అడుగున పరచిన ఇసుక, గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ మినహాయిస్తే మిగిలేది అంతకన్న తక్కువ. అటువంటి తొట్టిలోకి దుకాణం నుండి రెండు అంగుళాల గోల్డ్‌ఫిష్‌లను పది, పన్నెండు తెచ్చి వదలడం పరిపాటి. కొనుగోలుదారు చూసేది ఆ నాటి చేప పరిమాణాన్ని మాత్రమే. గోల్డ్‌ఫిష్ తగిన నీరు, మేత దొరికితే ఇరవై సెంటీమీటర్ల వరకు పెరిగే చేప. పైగా అధికంగా తిని, అధికంగా విసర్జించే చేప. కొద్ది రోజులకే నీరు కలుషితమై చేపలు ఒకదాని తరువాత ఒకటి చనిపోతాయి. నిందను మాత్రం దుకాణం మీదనో, మేత మీదనో వేస్తారు.

అదే తొట్టిలో ఒక్క ఫైటర్ చేప హాయిగా జీవిస్తుంది. దాని తలలో గాలిని నేరుగా పీల్చుకొనే అవయవం ఉండటమే కారణం. నీటిలో కరిగిన ప్రాణవాయువు తగ్గినా అది పైకి వచ్చి గాలి పీల్చుకొని బ్రతకగలదు. మూతి సన్నగా ఉండే గుండ్రని పాత్ర కన్న వెడల్పైన తొట్టి మేలు కావడానికి కారణం కూడా ప్రాణవాయువే. గాలి నీటిలో కరిగేది ఉపరితలం గుండానే.

ఈ ఉదాహరణలో మూడు సూత్రాలు ఇమిడి ఉన్నాయి. చేపను దాని నేటి పరిమాణంతో కాక, పెరిగిన పరిమాణంతో కొలవాలి. నీటిని పాత్ర పరిమాణంతో కాక, వాస్తవంగా నిలిచే నీటితో, ఉపరితల విస్తీర్ణంతో కొలవాలి. జాతి శ్వాసవిధానం, ఆహారపు అలవాటు ఆ నీటికి సరిపోవాలి. గాజుతొట్టికి వర్తించే ఈ సూత్రాలే పంటకుంటకూ వర్తిస్తాయి. తేడా ఒక్కటే: గాజుతొట్టిలో నీటిమట్టం స్థిరంగా ఉంటుంది, పంటకుంటలో చేప పెరుగుతున్న కొద్దీ నీరు తరుగుతుంది.

నిండు కుంట, మిగిలిన కుంట

పైభాగంలో 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు, 1:1 వాలు గల కుంటను ఉదాహరణగా తీసుకోవచ్చు. దీని విస్తీర్ణం 400 చదరపు మీటర్లు, అంటే సుమారు పది సెంట్లు. తెలంగాణ లెక్కలో నాలుగు గుంటలు. అడుగుభాగం 14 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు ఉంటుంది. కుంట నిండినప్పుడు అందులో 876 ఘనపు మీటర్ల నీరు ఉంటుంది. నీటిలోతు 1 మీటరుకు దిగినప్పుడు మిగిలేది సుమారు 225 ఘనపు మీటర్లు. లోతు మూడవ వంతుకు తగ్గితే, గోడల వాలు కారణంగా నీరు దాదాపు నాలుగవ వంతుకు తగ్గిపోతుంది. కుంట గట్టు మీద నిలబడి చూసేవారికి ఈ తేడా తెలియదు.

ఇప్పుడు పంట అవసరాన్ని పరిశీలించాలి. తుంపర పద్ధతిలో ఎకరానికి 25 మిల్లీమీటర్ల తడి ఇవ్వడానికి సుమారు 101 ఘనపు మీటర్ల నీరు కావాలి. మూడు ఎకరాలకు ఒక తడికి 304, రెండు తడులకు 607 ఘనపు మీటర్లు ఖర్చవుతాయి. మధ్యలో వర్షం పడి కుంట తిరిగి నిండని పక్షంలో మిగిలేది 269 ఘనపు మీటర్లు. ఆవిరి, ఇంకుడు నష్టాలు కూడా కలిస్తే నీటిలోతు 1 మీటరుకో, అంతకన్న దిగువకో చేరుతుంది. ఇది అసాధారణ పరిస్థితి కాదు. కుంట తవ్విన ప్రయోజనం నెరవేరిన ప్రతి బెట్ట సంవత్సరంలోనూ ఎదురయ్యే పరిస్థితి ఇదే.

హెక్టారుకు 5,000 పిల్లల సిఫారసును విస్తీర్ణం ప్రకారం వర్తింపజేస్తే ఈ కుంటకు 200 పిల్లలు వస్తాయి. వదిలిననాడు ఒక్కొక్క పిల్ల బరువు 10 గ్రాములు, దాని వాటా నీరు 4.4 ఘనపు మీటర్లు. రెండు తడుల తరువాత, చేప 400 గ్రాములకు పెరిగిందనుకొంటే, దాని వాటా నీరు 1.1 ఘనపు మీటర్లు. చేప 40 రెట్లు పెరిగిన నాటికి దాని వాటా నీరు నాలుగవ వంతుకు తగ్గింది. నీటిలో తెల్లవారుజామున ప్రాణవాయువు కనిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ వేళ చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఈ లెక్క తప్పిందని అర్థం.

అదే సిఫారసును ఘనపరిమాణంలోకి మార్చి చూడవచ్చు. 1.5 మీటర్ల లోతు గల హెక్టారు చెరువులో 15,000 ఘనపు మీటర్ల నీరు ఉంటుంది. 5,000 చేపలంటే ఒక్కొక్క చేపకు 3 ఘనపు మీటర్లు. మిగిలే 225 ఘనపు మీటర్లకు ఈ లెక్కన 75 చేపలు సరిపోతాయి. 200కు, 75కు గల అంతరమే పంటకుంటలో కనిపించే వైఫల్యానికి మూలం. 75 అనే అంకె అన్ని కుంటలకూ వర్తించే సూత్రం కాదు. కుంట వాలు, నేల స్వభావం, సాగు విస్తీర్ణం, వర్షాల తీరును బట్టి అది మారుతుంది. మారకూడనిది లెక్కించే పద్ధతి మాత్రమే.

నీటికి తగిన జాతి

సంఖ్య తరువాత జాతి. తెలంగాణలో ఉచిత చేపపిల్లల పంపిణీలో ఈ వివేచన కొంతవరకు కనిపిస్తుంది. ఏడాది పొడవునా నీరుండే చెరువులకు 80 నుండి 100 మిల్లీమీటర్ల బొచ్చె, శీలావతి, మోసు పిల్లలను, కొన్ని నెలలే నీరుండే చెరువులకు 35 నుండి 40 మిల్లీమీటర్ల బొచ్చె, శీలావతి, బంగారుతీగ పిల్లలను నిర్దేశించారు. నీటికాలాన్ని బట్టి జాతిని మార్చడం సరైన అడుగు. అయితే ఊరి చెరువుకు రూపొందిన ఆ విభజనలో పంటకుంటకు ప్రత్యేక స్థానం లేదు. అయిదారు నెలలే నీరుండే కుంటలో చిన్నపిల్లను వదిలితే అది అమ్మకపు పరిమాణానికి చేరేలోపు నీరు అయిపోతుంది. కుంటకు తక్కువ సంఖ్యలో పెద్ద పిల్లలే అనుకూలం. కొల్లేరు పరిసరాల రైతులు ఒక ఏడాది పాటు కిక్కిరిసిన నీటిలో ఉంచి, ఎదుగుదల నిలిపిన పెద్ద పిల్లలను పెంపకపు చెరువులకు ఎంచుకోవడం వెనుక ఉన్న తర్కం కూడా ఇదే. వారి మేత ఖర్చునూ, ఏరేటర్లనూ కుంటకు తేవడం సాధ్యం కాదు గానీ, ఈ ఒక్క పాఠాన్ని తేవచ్చు.

బొచ్చె పైపొరలోని జంతుప్లవకాలను, శీలావతి మధ్యపొరలోని ఆహారాన్ని, మోసు అడుగున కుళ్లుతున్న పదార్థాన్ని తింటాయి. మూడు పొరలూ ఉండేంత లోతు ఉన్నప్పుడే ఈ కూర్పుకు అర్థం. నీరు 1 మీటరుకు దిగిన కుంటలో మూడు జాతులూ ఒకే పొరలో పోటీపడతాయి. ప్లాస్టిక్ పొర పరచిన కుంటలో నీటికీ మట్టికీ సంబంధం ఉండదు. అడుగున సహజాహారం స్వల్పం. అక్కడ మోసు నిష్పత్తిని తగ్గించి, శీలావతిని, గట్టున పశుగ్రాసం పెంచే రైతైతే కొద్ది సంఖ్యలో గడ్డిచేపను ఎంచుకోవడం మేలు. బంగారుతీగ త్వరగా పెరుగుతుంది, స్వల్పకాలపు నీటికి అనుకూలం. కానీ ఆహారం కొరకు మట్టిని తవ్వే దాని అలవాటు వలన పొర లేని కుంటల గట్లు దెబ్బతింటాయి, నీరు బురదమయమవుతుంది. ఆ నీరు తుంపర పరికరాల రంధ్రాలను, బిందు సేద్యపు గొట్టాలను పూడ్చివేస్తుంది. చేపల శాస్త్రవేత్తకు తట్టని ఈ చిక్కు సేద్యపు శాస్త్రవేత్తకు తప్పక తట్టాలి.

తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను గాలిని నేరుగా పీల్చుకోగలదు. తక్కువ నీటిని తట్టుకొనే శక్తి, మంచి ధర దానికి అనుకూలాంశాలు. అయితే అది మాంసాహారి. తోటి జాతులనే కాక, తనకన్న చిన్నవైన తన జాతి పిల్లలను కూడా తింటుంది. వర్షం కురిసిన రాత్రి గట్టు దాటి వెళ్లిపోగలదు. సమాన పరిమాణపు పిల్లలు, చుట్టూ వల, ప్రత్యేక మేత ఏర్పాటు చేసుకోగల రైతుకే అది తగినది. మగ, ఆడ కలిసిన తిలాపియా కుంటలోనే పిల్లలు పెట్టి, సంఖ్య పెరిగి, చివరకు అన్నీ అరచేతికి మించని చేపలుగా మిగిలిపోతాయి. సంఖ్య రైతు చేతిలో ఉండని జాతి, నీరు రైతు చేతిలో ఉండని కుంటకు తగదు.

సంరక్షణ: పొలం నుండి వచ్చే ప్రమాదం

చేపల సంరక్షణపై వెలువడే సూచనలలో పేడ, తవుడు, వేరుశనగ చెక్క మోతాదులు తప్పక ఉంటాయి. పిల్లల సంచిని 15 నుండి 20 నిమిషాలు కుంటనీటిలో తేలనిచ్చి, కొద్దికొద్దిగా నీరు కలిపి, చల్లని వేళ వదలడం. మబ్బు పట్టిన రోజున మేత ఆపడం. చేతిని మోచేయి వరకు ముంచినప్పుడు అరచేయి కనిపించనంతగా నీరు పచ్చబడితే ఎరువు నిలిపివేయడం అందరికీ తెలిసిన జాగ్రత్తలే. పంటకుంటకు ఇవి చాలవు.

నీరు తగ్గిన కొద్దీ అమ్మోనియా గాఢత పెరుగుతుంది. దాని విషప్రభావం ఉదజని సూచికపై ఆధారపడి ఉంటుంది. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సూచిక 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కన్న తక్కువ. సూచిక 8కి చేరితే ఏడెనిమిది వంతులు. 9కి చేరితే సుమారు 45 వంతులు. దట్టంగా నాచు పట్టిన కుంటలో ఎండకాసిన మధ్యాహ్నం సూచిక 9కి చేరడం అరుదు కాదు. కావున తడి ఇచ్చి నీరు తగ్గించిన మరునాటి నుండి మేతను, పేడను తగ్గించవలసి ఉంటుంది. తడికీ మేతకూ గల ఈ సంబంధం కరపత్రాలలో స్పష్టంగా ఉండాలి.

అంతకు మించిన ప్రమాదం సస్యరక్షణ మందులు. కుంటలోకి నీరు వచ్చేది పొలం నుండే. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ వంటి సింథటిక్ పైరిథ్రాయిడ్‌లు చేపలకు అత్యంత విషపూరితం. మందు కొట్టిన మరునాడు కురిసే భారీ వర్షం ఆ అవశేషాలను కుంటకు చేరుస్తుంది. స్ప్రేయరును కుంటలో కడగడం, మందు కలిపిన డబ్బాను కుంటలో ముంచి నింపడం తరచుగా కనిపించే పొరపాట్లు. చేపలు వేసిన రైతుకు మందుల ఎంపిక, పిచికారీ సమయం, వరదనీరు ప్రవేశించే చోట గడ్డిపట్టీ ఏర్పాటు గురించి చెప్పకుండా పిల్లలను మాత్రం అందించడం సగం సలహా అవుతుంది.

అభ్యంతరాలు

తక్కువ పిల్లలు వేస్తే శ్రమకు తగిన ఫలితం రాదన్నది మొదటి అభ్యంతరం. 200 చేపలు సగటున 200 గ్రాములకు పెరిగితే వచ్చేది 40 కిలోలు. 75 చేపలు సగటున 500 గ్రాములకు పెరిగితే 37.5 కిలోలు. ఇవి అవగాహన కొరకు చెప్పిన అంకెలే అయినా, ఇందులోని నియమం వాస్తవం. ఒక నీటి మోయగల శక్తికి పరిమితి ఉంటుంది. పిల్లల సంఖ్యను పెంచినంత మాత్రాన ఆ పరిమితి పెరగదు, చేప పరిమాణం తగ్గుతుంది. పిల్లల ఖర్చు సగానికి పైగా ఆదా కావడం, పెద్ద చేపకు కిలోకు ఎక్కువ ధర పలకడం అదనపు లాభాలు. అన్నిటికన్న ముఖ్యంగా, రెండవ తడి ఇవ్వడానికి రైతు వెనుకాడడు.

మంచి వర్షాల సంవత్సరంలో కుంట నిండుగానే ఉంటుంది గనుక ఈ జాగ్రత్త వలన ఆదాయం తగ్గుతుందన్నది రెండవ అభ్యంతరం. ఇందులో కొంత నిజం ఉంది. కానీ పంటకుంట మంచి సంవత్సరం కొరకు తవ్వినది కాదు. మంచి సంవత్సరంలో పంటే రైతును ఆదుకొంటుంది. చెడు సంవత్సరంలో పంటతో పాటు చేప కూడా చేజారితే ఆ రైతు మరోసారి కుంట వైపు గానీ, సలహా ఇచ్చినవారి వైపు గానీ చూడడు. పైగా నీరు నిండుగా ఉన్న ఏడాది మిగిలిన చేపను మరి రెండు నెలలు పెంచి లాభపడవచ్చు. తగ్గిన నీటికి ఎక్కువైన చేపను మాత్రం ముందుగానే, చిన్న పరిమాణంలోనే, దొరికిన ధరకు అమ్ముకోవలసి వస్తుంది.

విస్తరణ విభాగం ముందున్న పని

పంటకుంటలో చేపల పెంపకం సేద్యపు శాస్త్రానికి, మత్స్యశాస్త్రానికి నడుమ ఉన్న పొలిమేర వంటిది. పొలిమేర మీది పొలం ఇరువైపుల వారి దృష్టికీ దూరమైనట్లే, ఈ అంశం కూడా రెండు విభాగాల సిఫారసులలోనూ అనుబంధంగానే మిగిలిపోయింది. దీనిని సరిదిద్దడానికి పెద్ద నిధులు అవసరం లేదు.

పిల్లలు వదిలే ముందు ప్రతి కుంటకు నాలుగు అంకెలు నమోదు చేయడం మొదటి పని: నిండినప్పటి లోతు, ఆ కుంట కింద సాగయ్యే విస్తీర్ణం, అనుకొన్న తడులు ఇచ్చిన తరువాత మిగిలే లోతు, ఒక మీటరు కన్న ఎక్కువ నీరు నిలిచే నెలల సంఖ్య. కొలత గుర్తులు వేసిన ఒక కర్రను కుంటలో నాటితే ఈ సమాచారం ఒక్క ఏడాదిలో రైతు చేతికే వస్తుంది. మిగిలే లోతు అర మీటరు కన్న తక్కువైన కుంటకు చేపలను సిఫారసు చేయకపోవడం కూడా ఒక సిఫారసేనని గుర్తించాలి. విస్తీర్ణంపై ఆధారపడిన పట్టికల స్థానంలో, మిగిలే నీటి ఘనపరిమాణంపై ఆధారపడిన పట్టికలను నేలల వారీగా రూపొందించడం రెండవ పని. కృషి విజ్ఞాన కేంద్రాల క్షేత్ర ప్రయోగాలలో చేపల దిగుబడితో పాటు, ఆ కుంట కింద పంటకు అందిన తడుల సంఖ్యను, పంట దిగుబడిని కూడా నమోదు చేయడం మూడవ పని. చేపల దిగుబడి పెరిగి, పంటకు ఒక తడి తగ్గిన ప్రయోగాన్ని విజయంగా పరిగణించరాదు.

స్నాతకోత్తర విద్యార్థులకు ఇందులో విలువైన పరిశోధనాంశాలు ఉన్నాయి. తడి ఇచ్చిన తరువాత కుంటనీటిలో ప్రాణవాయువు, అమ్మోనియా ఏ విధంగా మారుతాయి, ఏ లోతు వద్ద ఏ జాతి మేత మానుతుంది, చేపలున్న కుంటనీరు పంటకు చేర్చే నత్రజని ఎంత అనే ప్రశ్నలకు ఈ ప్రాంతపు ఎర్ర నేలల్లోనూ, నల్లరేగడుల్లోనూ విడివిడిగా సమాధానాలు కావాలి.

పంటకుంట యజమాని పంట. చేప ఆ ఇంటికి వచ్చిన అతిథి. అతిథిని ఆదరించడం ఎంత ధర్మమో, ఇంట్లో ఉన్నదెంతో చూసుకొని పిలవడమూ అంతే ధర్మం. ఎన్ని పిల్లలు వేయాలని రైతు అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త నోట రావలసిన మొదటి మాట అంకె కాదు, ఒక ప్రశ్న: పంటకు తడులు ఇచ్చిన తరువాత కుంటలో ఎంత నీరు మిగులుతుంది?